మీటర్‌లో వెలిగే లైట్లు: తిరుపతి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

అనుకున్నది

మా బావ తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ట్రావెల్స్ కారు నడుపుతాడు. తిరుమల, శ్రీకాళహస్తి, కాణిపాకం, అప్పుడప్పుడు చెన్నై ఎయిర్‌పోర్టు. వాళ్ల స్టాండ్‌లో ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగల డ్రైవర్లు చాలామందే ఉన్నారు. మీటర్‌లో లైటు వెలిగితే మాత్రం రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, "అది ఎప్పుడూ వెలగతానే ఉంటాదిలే." రెండోది, "స్కానింగ్ పెట్టించాల." మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది. చాలా బండ్లలో దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండరు.

అందుకే ఒక పేజీ తెలుగు కార్డు తయారుచేసి, లామినేషన్ చేయించి, సన్‌వైజర్‌కి దోపుకునేలా ఇవ్వాలని ప్లాన్. నాకు నేను పెట్టుకున్న షరతు ఒకటే: కార్డులో రాసేది వీలైనంత వరకు నా బండి మీద చూసి, కొలిచి రాయాలి.

బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. టాప్ మోడల్ కాబట్టి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. ప్రస్తుతం చెక్ ఇంజన్ లైటు పసుపుగా, ఆరకుండా వెలుగుతోంది. ఘాట్ దిగేటప్పుడు ఎర్ర బ్రేక్ లైటు మెరిసి ఆరిపోతోంది. ఈ పనికి ఇంతకంటే మంచి బండి దొరకదు. సామాన్లు: మల్టీమీటర్, టార్చి, బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ చెప్పేది ఫోన్‌లో చూపించేది), పాత ఆండ్రాయిడ్ ఫోను.

ఆదివారం పొద్దున, కీ ఆన్, ఇంజన్ ఆఫ్

సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్‌లో పెడితే మీటర్ తన లైట్లను తానే ఒకసారి వెలిగించి చూపిస్తుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లాంటివి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆయిల్, బ్యాటరీ లైట్లు ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా ఆరవు, ఆరకూడదు కూడా. ఇంజన్ తిరగనప్పుడు ఆయిల్‌కి ప్రెషర్ ఉండదు, ఛార్జింగ్ ఉండదు. లైటు నిజమే చెబుతోంది.

ఈ కొన్ని సెకన్లను ఫోన్‌లో వీడియో తీసి, ఆపి ఆపి చూశాను. లైట్లన్నీ వచ్చాయి, ఎయిర్‌బ్యాగ్ గుర్తు తప్ప. అసలు వెలగనే లేదు. ఆ లైటు వెలిగి ఆరకపోతే ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌లో లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే లోపం ఉందో లేదో తెలిసే దారే లేనట్టు, ఇది ఇంకా టెన్షన్.

తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న మీటర్ ఊడదీశాడు. ఆ గుర్తు వెనక చక్కగా కత్తిరించి అంటించిన నల్ల టేపు ముక్క. బండి అమ్మేముందు ఎవరో లైటును "రిపేరు" చేసిన పద్ధతి అది. టేపు తీయగానే ఎర్రగా వెలిగింది, ఇక ఆరలేదు. అన్న నవ్వి, "ఇట్లాంటివి శానా చూసినాం సార్. కొంతమంది ఆ వైరు తీసకపోయి ఆయిల్ లైటుకు కలిపేస్తారు, రెండూ ఒకేసారి ఆరిపోతాయి, కొనేటోనికి ఏం తెలస్తాది" అన్నాడు.

కార్డులో మొదటి లైను దొరికింది: పాత బండి కొనేటప్పుడు సెల్ఫ్ కొట్టకముందు కీ ఆన్ చేసి, ఏ లైటు రాలేదో చూడండి. టెస్ట్ డ్రైవ్ తర్వాత సంగతి.

అదే రోజు సాయంత్రం, రంగులు

గుర్తుల బొమ్మలు కంపెనీ కంపెనీకీ మారవు. వాటికి ఐఎస్ఓ 2575 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందుకే ఆయిల్ లైటు అన్ని బండ్లలోనూ చుక్క కారే నూనె డబ్బాలాగే ఉంటుంది. రంగుల లెక్క కూడా అంతే. ఎరుపు వస్తే ప్రమాదం, వెంటనే పట్టించుకోవాలి, చాలావాటికి బండి ఆపాలి. పసుపు వస్తే నడపొచ్చు గానీ తొందరగా చూపించుకోవాలి. పచ్చ, నీలం ఏదో పనిలో ఉందని చెప్పడానికి. హెడ్‌లైట్ హై బీమ్ నీలం అందరికీ తెలుసు. ఉష్ణోగ్రత ముల్లు లేని బండ్లలో చాలావాటికి ఇంకో నీలం లైటు ఉంటుంది, థర్మామీటర్ బొమ్మతో. ఇంజన్ ఇంకా చల్లగా ఉందని దాని అర్థం. మన ఊరి ఎండకు అది కాసేపట్లోనే ఆరిపోవాలి. చాలాదూరం పోయినా ఆరకపోతే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోకుండా ఆపే వాల్వ్, తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి.

సోమవారం రాత్రి, ఆయిల్ లైటు

స్టాండ్‌లో ఎక్కువమంది దీన్ని "ఆయిల్ తగ్గింది, పోయించుకోవాల" అనే గుర్తుగా చూస్తున్నారు. ఇది కొలిచేది ఆయిల్ ఎంతుందో కాదు, ప్రెషర్.

ఇంజన్ బ్లాక్ పక్కన బొటనవేలంత స్విచ్ ఒకటి ఉంటుంది, ఒకే వైరుతో. ప్రెషర్ లేనప్పుడు అది వైరును ఇంజన్ బాడీకి కలిపి లైటు వెలిగిస్తుంది. ప్రెషర్ పెరగగానే విడిపోతుంది, లైటు ఆరుతుంది. కీ ఆన్‌లో ఉంచి, ఇంజన్ ఆఫ్‌లో ఆ కనెక్టర్ పీకేశాను. లైటు ఆరిపోయింది. వైరును బాడీకి తాకించాను, వెలిగింది. అంటే ఆ వైరు తెగిపోతే ఆయిల్ లైటు ఇక జన్మలో వెలగదు. కీ ఆన్ పరీక్షను కార్డులో పైన పెట్టడానికి ఇది రెండో కారణం.

ఆ స్విచ్ మామూలుగా సుమారు 0.3 నుంచి 0.5 బార్ దగ్గర పనిచేస్తుంది. వేడి ఇంజన్ రోడ్డు మీద పరుగెత్తడానికి కావలసిన ప్రెషర్‌తో పోలిస్తే అది ఏమీ లేనట్టే. కాబట్టి నడుస్తుండగా ఈ లైటు వచ్చిందంటే బేరింగులకు నూనె అందడం దాదాపు ఆగిపోయినట్టు. "ఇంకో రెండు కిలోమీటర్లు పోతే మెకానిక్ షాపు" అనే ఆలోచనకు ఇంజన్ మొత్తం దిగి బోరు చేయించుకునేంత ఖర్చవుతుంది. పక్కకు తీసి ఇంజన్ వెంటనే ఆపాలి. కొన్ని నిమిషాలాగి డిప్ స్టిక్ చూడాలి. ఆయిల్ బాగా తగ్గి ఉంటే పోసి చూడొచ్చు. సరిపడా ఉండి కూడా లైటు వస్తే ఇక స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ పిలవాలి.

ఆయిల్ తగ్గిన బండిలో ఈ లైటు ముందుగా మలుపుల్లో మెరుస్తుంది. ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, అడుగున పీల్చే గొట్టానికి గాలి తగులుతుంది. ఘాట్‌లో బండి నడిపేవాళ్లకు ఇది చెప్పి తీరాలి.

బుధవారం, బ్యాటరీ లైటు

ఇది త్వరగా అయిపోయింది. ఇంజన్ ఆఫ్‌లో బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు. స్టార్ట్ చేశాక 14.2. ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ అన్నీ వేస్తే 13.8. ఈ లెక్కన ఆల్టర్నేటర్, మనవాళ్ల మాటలో డైనమో, బాగానే ఉంది.

అమరాన్ బ్యాటరీలు మన కరకంబాడిలోనే తయారవుతాయి, కాబట్టి ఈ ఊళ్లో బ్యాటరీ గురించి ఎవర్ని అడిగినా ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ ఎర్ర బ్యాటరీ బొమ్మ మాత్రం బ్యాటరీ గురించి కాదు, ఛార్జింగ్ గురించి. నడుస్తుండగా వెలిగితే కొత్త బ్యాటరీ కొనేముందు బెల్టు ఉందో తెగిందో చూడాలి. చాలా ఇంజన్లలో ఆ బెల్టే వాటర్ పంపును కూడా తిప్పుతుంది. అందుకే బ్యాటరీ లైటు వచ్చిన కాసేపటికే టెంపరేచర్ ఎరుపు కూడా వస్తే బెల్టు పోయిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. బెల్టు బాగుండి ఛార్జింగ్ మాత్రమే లేకపోతే ఏసీ, మ్యూజిక్ ఆపేసి కొంతదూరం పోవచ్చు. ఎంతదూరమన్నది బ్యాటరీ దయ.

శనివారం, ఘాట్

బ్రేక్ లైటు సంగతి తేల్చడానికి బావను పక్కన కూర్చోబెట్టుకుని తిరుమల వెళ్లాను. అలిపిరి నుంచి రెండో ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఒక్కసారీ రాలేదు. దిగేది మొదటి ఘాట్‌లో. 1944 నాటి రోడ్డు అది, ఎక్కే రోడ్డు 1974లో వచ్చింది. పాతదాంట్లో మలుపులు బాగా బిగుతు. లైటు వచ్చినప్పుడల్లా బావ చెప్పాలి, నేను రోడ్డు చూసుకోవాలి, అదీ ఒప్పందం. కాసేపటికే ఒక పద్ధతి తెలిసింది: బ్రేక్ తొక్కుతూ తిప్పే మలుపుల్లోనే, అదీ ఎక్కువగా ఒకే వైపు మలుపుల్లో. తిన్నటి రోడ్డు మీద లేదు.

"హ్యాండ్ బ్రేక్ లూజుగా ఉండాదేమో బావా" అన్నాడు. అనుమానం న్యాయమైనదే. హ్యాండ్ బ్రేక్ స్విచ్, బ్రేక్ ఆయిల్ డబ్బాలోని ఫ్లోట్ స్విచ్ రెండూ ఒకే లైటుకు కలిసి ఉంటాయి. ఇంటికొచ్చి హ్యాండ్ బ్రేక్ కనెక్టర్ తీసి ఇంజన్ ఆన్‌లో ఉంచి బండిని మెల్లగా ఊపాను. లైటు మెరిసింది. ఇక మిగిలింది ఫ్లోటే. బానెట్ ఎత్తి చూస్తే ఆయిల్ సరిగ్గా మిన్ గీత దగ్గరుంది. మలుపులో ఒక పక్కకు ఒరిగినప్పుడు ఫ్లోట్ కిందికి జారి లైటు వెలిగిస్తోంది.

ఇక్కడ చాలామంది చేసే పని ఒక డబ్బా బ్రేక్ ఆయిల్ కొని పోసేయడం. లైటు ఆరిపోతుంది, కారణం అలాగే ఉంటుంది. ఆయిల్ ఎటుపోయిందో ముందు అడగాలి. నాలుగు చక్రాల దగ్గర, పైపుల వెంట తడి లేదు, పెడల్ మెత్తబడలేదు. అంటే కారడం లేదు. ముందు చక్రాలు విప్పితే జవాబు దొరికింది. ప్యాడ్లు 3 మిల్లీమీటర్లు కూడా మిగల్లేదు. ప్యాడ్ అరిగేకొద్దీ క్యాలిపర్ పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ పోతుంది. కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లను వెనక్కి నొక్కుతుంటే డబ్బాలో మట్టం దానంతట అదే మ్యాక్స్ దగ్గరికి లేచింది. ముందే పోసి ఉంటే అది పొంగి బయటికి వచ్చేది. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది.

ఆయిల్ కూడా మార్పించాను, నల్లగా ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం డాట్ 3 (డాట్ నంబరు బ్రేక్ ఆయిల్ రకం) కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే 230, 155. మొదటి ఘాట్‌లో కింది దాకా బ్రేక్ మీదే దిగితే ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు, పెడల్ నేల దాకా పోతుంది. అందుకే బావలాంటివాళ్లు సెకండ్ గేరులో దిగుతారు. వాళ్ల చేతులకు తెలిసిన పనికి నేను కారణం మాత్రం రాస్తున్నాను.

కార్డుకు ఇంకొకటి. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వస్తే మామూలు బ్రేకులు పడతాయి, చక్రం లాక్ కాకుండా ఆపే సాయం మాత్రమే ఉండదు. ఏబీఎస్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వస్తే వెనక చక్రాలకు బ్రేక్ ఎంత పంచాలో చూసే ఏర్పాటు కూడా పోయినట్టు. గట్టిగా తొక్కితే బండి వెనక భాగం తిరగొచ్చు. ఆ స్థితిలో ఘాట్ ఎక్కకూడదు, దిగకూడదు.

మరో ఆదివారం, చెక్ ఇంజన్

అసలు పని ఇదే, ఎక్కువసేపు పట్టిందీ దీనికే.

స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అడాప్టర్ దాంట్లో పెట్టి ఫోన్‌కి కలిపాను. పాత రకం బ్లూటూత్ అడాప్టర్లు ఐఫోన్‌తో పనిచేయవు, కొనేవాళ్లు గమనించాలి. పని కాగానే పీకేయాలి కూడా. సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వస్తూనే ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.

వచ్చిన కోడ్ పి0171. మొదటి అక్షరం పి అంటే ఇంజన్, గేర్‌బాక్స్ వైపు. సి అయితే బ్రేకులు, సస్పెన్షన్ లాంటివి, బి అయితే ఎయిర్‌బ్యాగులు, బాడీ, యు అయితే కంప్యూటర్ల మధ్య మాటలు తెగడం. 0171 అర్థం మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. అంతే. ఏ పార్ట్ పోయిందో అందులో లేదు. ఇదే కోడ్ చూసి ఇంతకుముందు ఒక షాపులో ఆక్సిజన్ సెన్సార్ మార్చాలని కొటేషన్ ఇచ్చారు. గాలి ఎక్కువుందని చెప్పింది ఆ సెన్సారే. చెప్పినవాణ్నే మార్చేస్తే ఎట్లా?

కోడ్‌తో పాటు లైటు వెలిగిన క్షణంలో ఇంజన్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. నా బండిది చూస్తే ఇంజన్ వేడెక్కి ఉంది, బండి ఆగి ఉంది, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతూ) ఉంది. మంచి ఆధారం. తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. కంప్యూటర్ మామూలు లెక్క కంటే ఎంత పెట్రోల్ ఎక్కువో తక్కువో పోస్తోందో చెప్పే శాతం అది. అటూ ఇటూ 10 లోపుంటే కంగారు లేదు. నా బండిలో ఐడిల్ దగ్గర రెండు ట్రిమ్‌లూ (అప్పటికప్పటిది, దీర్ఘకాలానిది) కలిపి 25 దాటింది. యాక్సిలరేటర్ తొక్కి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే 8కి దిగింది.

పెట్రోల్ పంపో, ఫిల్టరో బలహీనమైతే తొక్కేకొద్దీ శాతం పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది. కొలవకుండా దొంగదారిన గాలి పోతే ఇలా ఉంటుంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్ద వాటా అవుతుంది, ఎక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ వాటా లెక్కలోకి రాదు. ఈ తర్కం గాలిని నేరుగా కొలిచే మ్యాఫ్ సెన్సార్ ఉన్న ఇంజన్లకే. నాది అదే. మ్యానిఫోల్డ్ ప్రెషర్ చూసే మ్యాప్ సెన్సార్ బండ్లలో ఇలాంటి చిల్లు చాలాసార్లు ఐడిల్ పెరగడంగా బయటపడుతుంది. మీ బండి ఏ రకమో తెలుసుకోకుండా నా అంకెలు వాడొద్దు.

చిల్లు వెతకడానికి షాపుల్లో కార్బ్ క్లీనర్ కొడతారు. వేడి ఇంజన్ మీద అది మంట పట్టగలదు. నేను చిన్న స్ప్రేయర్‌తో నీళ్లే వాడాను, కరెంటు కనెక్టర్ల మీద పడకుండా. ఇన్‌టేక్ వెనక పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది) చివర నీళ్లు పడగానే ఐడిల్ మారింది. గొట్టం వంచి చూస్తే క్లిప్ కింద వెంట్రుకవాసి చీలిక. ఎండకు, ఇంజన్ వేడికి రబ్బరు గట్టిపడి పగిలింది. కొత్త గొట్టానికి అయిన ఖర్చు సెన్సార్ కొటేషన్ పక్కన పెడితే నవ్వొస్తుంది. ట్రిమ్ 4 దగ్గర నిలబడింది.

ఫోన్‌లో "క్లియర్" బటన్ ఉన్నా నొక్కలేదు. లోపం పోయిందని కంప్యూటర్ వరసగా 3 డ్రైవ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒకటి) చూసుకుంటే లైటు తనే ఆరాలి, చూద్దామని. ఆఫీసుకు వెళ్లి వస్తుండగా ఒక సాయంత్రం లీలామహల్ సర్కిల్ దాటాక ఆరిపోయి ఉండటం గమనించాను. ముందే కోడ్ కొట్టేస్తే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతోపాటే పోతుంది. ఇకపై ఎవరైనా "ఎర్రర్ డిలీట్ చేసేస్తాం సార్" అంటే, ముందు కోడ్ నంబరు కాగితం మీద రాయించుకోమని కార్డులో పెట్టాను.

ఒక్క హెచ్చరిక. ఈ లైటు నిలకడగా ఉంటే సరే, చూపించుకునేదాకా నెమ్మదిగా నడపొచ్చు. మిణుకు మిణుకుమంటే సిలిండర్‌లో మిస్సింగ్ గట్టిగా ఉన్నట్టు. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడి కాలి దాన్ని పాడుచేస్తుంది. యాక్సిలరేటర్ వదిలి, వీలైనంత త్వరగా ఆపాలి.

స్టాండ్‌లో మొదటి ప్రింటు

లామినేషన్ లేకుండా కొన్ని కాపీలు పంచాను. ఒక పెద్దాయన కార్డు రెండు వైపులా తిప్పి చూసి, "అన్నీ రాసినావు గానీ సామీ, ఎనభై దాటితే కుయ్యిమంటాదే, ఆ కంప్లయింటు ఏంది?" అన్నాడు. కంప్లయింట్ కాదు, 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లలో స్పీడ్ అలర్ట్ తప్పనిసరి. 80 దాటితే ఉండి ఉండి, 120 దాటితే ఆపకుండా మోగుతుంది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ రిమైండర్, వెనక పార్కింగ్ సెన్సార్లు కూడా ఆ తేదీ నుంచే. ఆ రిమైండర్ మోతను ఆపడానికి బెల్టు సాకెట్‌లో ఉత్త క్లిప్పు పెట్టుకునేవాళ్లు అక్కడే ఇద్దరున్నారు. బెల్టు మనిషిని పట్టి ఆపుతుందన్న లెక్క మీదే ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుందని చెప్పాను. ఒకాయన క్లిప్పు తీసి జేబులో వేసుకున్నాడు. మళ్లీ పెట్టాడో లేదో నేను చూడబోలేదు.

అక్కడ ఎక్కువ బండ్లు డీజిల్. చుట్టలు తిరిగిన తీగ బొమ్మ గ్లో ప్లగ్ లైటని, అది ఆరాకే సెల్ఫ్ కొట్టాలని అందరికీ తెలుసు. కొత్త తలనొప్పి డీపీఎఫ్. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. ఆ మసి కాలడానికి సైలెన్సర్ బాగా వేడెక్కాలి, అంటే బండి కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. స్టేషన్ నుంచి హోటలు, హోటలు నుంచి తిరుచానూరు లాంటి చిన్న ట్రిప్పులు, ఖాళీగా ఏసీ వేసుకుని వెయిటింగ్ చేయడం, ఇవే బేరాలైతే మసి నిండుతుంది. పసుపు లైటు రాగానే రేణిగుంట దాటి నాయుడుపేట హైవే మీద ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోనిస్తే చాలాసార్లు ఆరుతుంది. ఎంత వేగం, ఏ గేరు అన్నది ఆ బండి మాన్యువల్ ప్రకారమే. పట్టించుకోకుండా తిప్పితే పవర్ తగ్గించేస్తుంది, అప్పుడు వర్క్‌షాప్ తప్ప దారి లేదు.

ఇప్పటికి ఉన్న పరిస్థితి

ఎయిర్‌బ్యాగ్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. నా చౌక అడాప్టర్ ఆ కంప్యూటర్‌తో మాట్లాడలేదు, పెద్ద స్కానర్ ఉన్న చోట చూపిస్తే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువుందని వచ్చింది. స్టీరింగ్ తిప్పినప్పుడు హారన్ ఒక్కోసారి మోగకపోవడం దీంతో సరిపోతోంది. రెండింటి వైర్లూ స్టీరింగ్ కింద క్లాక్ స్ప్రింగ్ అనే ఒకే చుట్ట గుండా పోతాయి. ఈ ఒక్క పని నేను చేయను. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లకు మల్టీమీటర్ పెట్టకూడదు, మల్టీమీటర్ నుంచి పోయే చిన్న కరెంటు కూడా దాన్ని పేల్చే ప్రమాదం ఉంది. పార్ట్ చెన్నై నుంచి రావాలన్నారు, వచ్చాక వర్క్‌షాప్‌లోనే వేయిస్తాను.

కార్డు రెండో ప్రింటులో డీపీఎఫ్, టైర్ ప్రెషర్ లైట్లు చేరుతున్నాయి. అక్షరాలు పెద్దవి చేయమని పెద్దాయన అడిగాడు, కాబట్టి పచ్చ లైట్ల వరస మొత్తం తీసేస్తున్నాను. ఇండికేటర్ వేసి ఉందని చెప్పడానికి కార్డు అక్కర్లేదు.